ఎవరి పథ్యము వారిది



నేడు నేను పథ్యమును గుఱించి మాటలాడదలచినాను. పథ్యమనగానే చప్పిడి కూడు, చారునీళ్లు, బీరకాయకూర, ముఖము చిట్లించుకొని విస్తరి ముందు కూర్చున్న రోగి మన కన్నులకు గట్టుట వాడుకయైనది. శబ్దార్థము అంత విషాదకరమైనది కాదు. పథమనగా త్రోవ. త్రోవ తప్పనిది పథ్యము. చరకసంహిత సూత్రస్థానమున దీనికి చెప్పిన లక్షణములో మఱియొక మాటయు కలదు. దేహమార్గములకు చెఱుపు చేయనిదియు, మనస్సునకు ప్రియమైనదియు నగు ఆహారమే పథ్యమని ఆ ఆచార్యుని అభిప్రాయము. ఈ రెండవ మాటను మనలో చాలమంది మఱచితిమి. మనస్సునకు గిట్టని తిండిని నలువది దినములు తినవచ్చును. నాలుగు సంవత్సరములు తినుట ఎవరి తరమును కాదు. మధుమేహము, రక్తపుపోటు మొదలగునవియో, నలువది దినములలో సెలవు పుచ్చుకొని పోవు చుట్టములు కావు. అవి మనతో కడదాక నుండునవి గనుక, వానికి తగిన పథ్యమును కడదాక నడువగలదిగా నుండవలెను. అట్టి దానిని ఎవరికి వారు ఎట్లు కనుగొనవలెను? అదియే నేటి విచారణ.

మాది పలనాడు. శ్రీనాథ మహాకవి మా సీమకు వచ్చి, ఇక్కడి జొన్నకూటిని గేలిచేసి చెప్పెనను చాటువులు లోకమున ప్రచారమున నున్నవి. బడిలో వానిని చెప్పినపుడెల్ల పిల్లలు నవ్వెడివారు. నాకు మాత్రము వానియందు కొంత వైద్యశాస్త్రము కూడ కనబడుచుండెడిది. కవిగారిది రెడ్డిరాజుల కొలువున సన్నబియ్యమునకు మరగిన కడుపు. మా తాతలది జొన్నకు మరగిన కడుపు. జొన్నయందు దోషము లేదు. కవియందును దోషము లేదు. చిరకాలపు అలవాటుచేత ఒక దేహమునకు ఒప్పినదానిని శాస్త్రకారులు ఓకసాత్మ్యమనిరి. ఓకస్సనగా ఇల్లు. ఇంటివలె అలవడినది యని నేను అర్థము చెప్పుకొందును.

ఆ మా సీమలో ఇల్లే మాఱిపోయినది. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలినారు. జొన్నచేలు కొన్ని వరిమళ్లైనవి. 1983లో ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయలకు ఇయ్య మొదలిడగా, సెంటు మాగాణి లేనివాని యింటను వరియన్నమే ఉడికినది. ఇది కూడదని నేననను. పండుగనాడు తప్ప వరిమెతుకు నెఱుగని యిండ్లలో, మనుమలు కడుపునిండ తెల్లని యన్నము తినుట చూచి కన్నీరు పెట్టుకొన్న ముసలమ్మలను నేనెఱుగుదును. కాని యించుమించుగా అదే కాలమున నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. కాలినడక పోయి మోటారుసైకిలు వచ్చినది. రోకలి పోయి మర వచ్చినది. చాకిరి తగ్గినది, కూటి కొలత మాత్రము నాగలి దున్నిననాటిదే నిలిచినది. నేడు మా గ్రామమున చక్కెరమాత్రలు లేని యిల్లు వెదకి చూడవలసి యున్నది.

దీనికి వరియన్నమునే దోషిగా నిలబెట్టువారు కలరు. తొందరపడరాదు. ఈ బియ్యము ఇదివఱకును ఒకమాఱు మన తెలుగువారికి పాఠము చెప్పినది. గడచిన శతాబ్దపు మొదటి భాగమున మన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి మిక్కుటముగా నుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందఱకు దేహము నీరు పట్టి, గుండె చెడి మనుష్యులు చనిపోవుచుండిరి. ఆ వ్యాధిని విచారించుటకై 1918లో మెకారిసన్ దొర నీలగిరులలో కూనూరున మొదలిడిన చిన్న పరిశోధనశాలయే కాలక్రమమున పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. తేలిన సంగతి యేమనగా, మరలో తవుడంతయు పోవునట్లు తెల్లగా పట్టిన పచ్చిబియ్యమును పలుమాఱు కడిగి, గంజి వార్చి, అదియే ప్రధానముగా తినువారికి థయమిన్ అను విటమిను చాలకపోవుచుండెను. ఉప్పుడుబియ్యము తినువారు చాలవఱకు తప్పించుకొనిరి. వడ్లను ఉడికించినపుడే ఆ సారము పొట్టునుండి గింజలోనికి దిగును గనుక. ధాన్యమొకటే. దానికి చేసిన సంస్కారము వేఱు, ఫలము వేఱు.

చరకుడు విమానస్థానపు మొదటి యధ్యాయమున, ఆహారము మేలు చేయునదియు, కీడు చేయునదియు ఎనిమిది సంగతులనుబట్టి యుండునని చెప్పినాడు. ప్రకృతి యనగా పదార్థపు స్వభావము. కరణమనగా దానికి చేసిన సంస్కారము. దంచుట, నానబెట్టుట, వండుట. సంయోగము, దేనితో కలిపి తినుచున్నామనునది. రాశి, ఎంత యనునది. పిమ్మట దేశము, కాలము, తినుటలోని నియమము. ఎనిమిదవది ఉపయోక్త, అనగా తినువాడు. ఓకసాత్మ్యము ఈ ఎనిమిదవవానిని ఆశ్రయించి యుండునని అక్కడనే చెప్పబడినది. నేడు సెల్‌ఫోనులో దినమునకొకడు ప్రకటించు ఆహారపట్టికలను చూడుడు. మొదటి యేడు సంగతులును ఒక్కొక్కప్పుడు పుష్కలముగా నుండును. ఎనిమిదవవాడు మాత్రము ఎచటను కనబడడు. ఆ తినువాడు అఱువదియేండ్ల వాడా, ఇరువదియేండ్ల వాడా? పండ్లు గలవాడా, లేనివాడా? ఏ మందు పుచ్చుకొనుచున్నాడు? ఇంట వండిపెట్టువారెవరు? ఈ ప్రశ్నలు లేని పట్టిక, చిరునామా లేని యుత్తరము వంటిది.

మా గ్రామమున ఒక రైతు కలడు. అఱువది దాటినవాడు. మధుమేహమని తెలిసిన దినముననే, పట్టణములో నున్న కుమారుడు ఫోనులో ఒక పట్టిక పంపినాడు. అందు వరి లేదు, జొన్న లేదు, పప్పు లేదు. ఉదయము ఓట్సు, మధ్యాహ్నము పచ్చికూరల ముక్కలు, రాత్రి నిరాహారము. రైతు పట్టుదల గలవాడు. పదునెనిమిది దినములు నిలిచినాడు. “పంతులుగారూ, ఇది కూడూ కాదు, గడ్డీ కాదండీ” అని నాతో ఒకటి రెండుమాఱులు వాపోయినాడు. చక్కెరమాత్రలు మాత్రము వెనుకటి కొలతనే మ్రింగుచుండెను. పందొమ్మిదవ దినమున చేనిగట్టుమీద చెమటలు పట్టి, చేతులు వణకి, కన్నులు బైరులు క్రమ్మి కూలబడినాడు. ప్రక్కచేనిలో కలుపు తీయుచున్న ఒక యిల్లాలు పరుగున వచ్చి బెల్లపుముక్క నోట బెట్టి, నీరు త్రాగించి, ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపినది. స్పృహ యుండుటచే మ్రింగగలిగెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు వేయరాదని కూడ మీరు గుర్తుంచుకొనుడు.

మాత్రయైనను, ఇన్సులిను సూదిమందైనను, వైద్యుడు మన కూటిని లెక్కలోనికి తీసికొని యిచ్చినది. కూడు తగ్గించి మందు తగ్గింపకున్నచో రక్తములోని చక్కెర ఉండవలసినదానికంటె క్రిందికి పడిపోవును. ఎక్కువయైన చక్కెర సంవత్సరములమీద చేయు చెఱుపును తక్కువయైన చక్కెర గడియలో చేయగలదు. కావున కూటి కొలత మార్పదలచినవాడు ముందుగా వైద్యునకు చెప్పవలెను. తనంతట తాను మందు మానుటయు అంతే యపాయము.

ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట ఆ రైతు ఒక నెల వెనుకటికంటె ఎక్కువ తినినాడు. ఆకలి పగ తీర్చుకొనుచున్నట్లుండెనని ఆయన భార్య చెప్పినది. ఇది ఆయన బలహీనత యని నేననుకొనలేదు. బలవంతమున వంచిన కొమ్మ చేయి వదలగానే అటు తిరుగుట సహజము.

ఇట్టి సందర్భమునకు చరకుడు సూత్రస్థానపు ఏడవ యధ్యాయమున ఒక క్రమము చెప్పినాడు. దానికి పాదాంశిక క్రమమని పేరు. అలవాటైన అహితమును ఒక్కమాఱుగా విడువక, పాదము పాదముగా, అనగా నాలుగవ పాలు చొప్పున విడువవలెను; ఆ స్థానమున హితమైనదానిని పాదము పాదముగా చేర్చుకొనవలెను; మెట్టుకు మెట్టుకు నడుమ దినములు ఎడమీయవలెను. ఎన్ని దినములనుటలో వ్యాఖ్యాతలు భిన్నముగా చెప్పుదురు; మన వంటి వయస్సువారికి దినములు చాలవు, వారములు కావలెనని నా యభిప్రాయము. క్రమముగా విడిచిన దోషము మరల తలయెత్తదనియు, క్రమముగా వచ్చిన గుణము చలింపదనియు ఆయన దీని ఫలమును చెప్పినాడు.

వైద్యుని యనుమతి గైకొని ఈ సంగతిని ఆ రైతు సోలకు అన్వయించి చూచితిమి. ఆయన దినమునకు సోల బియ్యపు టన్నము తినువాడు. మన పాత కొలతలలో సోలకు నాలుగు గిద్దెలు గదా! పాదమనగా సరిగా గిద్దె. మొదట ఒక గిద్దె బియ్యము తగ్గించి, ఆ వెలితిని కందిపప్పుతోను, తోటకూర, గోంగూర, సొరకాయ, దొండకాయ వంటి కూరలతోను పూడ్చినారు. మూడు వారములు అట్లే గడచినవి. ఆయనకు పెద్ద తేడా తెలియలేదు. రెండవ గిద్దెవద్ద ఆయన తిరుగబడినాడు. రాత్రి రెండవ జామున ఆకలికి మెలకువ వచ్చుచున్నదని చెప్పినాడు. అప్పుడు ఆయన భార్యకు ఒక యాలోచన తోచినది. ఆమె పుట్టినింట చిన్ననాడు జొన్నరొట్టె తట్టిన చేయి. రాత్రి అన్నము మాని, రెండు జొన్నరొట్టెలు, వంకాయకూర, మజ్జిగ పెట్టనారంభించినది. తల్లి చేతి రొట్టె జ్ఞాపకము వచ్చినదని ఆయన ఇష్టముగా తినినాడు. ఓట్సుకు లేని చుట్టఱికము జొన్నకు ఆ కడుపులో మొదటినుండి యుండెను. మూడవ గిద్దె జోలికి పోవలసిన పని లేకపోయినది. రెండు సంవత్సరములైనది, నేటికిని అరసోల బియ్యము, రెండు రొట్టెలు. మూడు నెలల సగటును తెలుపు రక్తపరీక్ష చూచి వైద్యుడే మాత్రల కొలత కొంత తగ్గించినాడు.

దీనిని చూచి ప్రక్కయింటి పెద్దమనుష్యుడు తానును జొన్నరొట్టె మొదలిడినాడు. ఆయనకు దౌడపండ్లు లేవు. నమలలేక ముక్కలు మ్రింగుటచే కడుపు ఉబ్బి, వారములోనే విసిగి విడిచినాడు. ఆయనకు తుదకు కుదిరినది పెసరపప్పుతో కలిపి మెత్తగా నుడికించిన కొఱ్ఱయన్నము. అదియు పగటిపూట మాత్రమే. రాత్రి కొంచెము వరియన్నము, చిక్కని పప్పు, మజ్జిగ. ఒక గోడకు ఇటువైపు పథ్యము అటువైపు అపథ్యమైనది.

చిరుధాన్యములను గుఱించి ఒక్క మాట. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును వానికి అంకితము చేసిన నాటినుండి మన గ్రామములలో కూడ వానికి మరల గౌరవము వచ్చినది. సంతోషమే. రాగులలో నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలు త్రాగనివారి యెముకలకు అది మేలు. కాని రాగులైనను, సజ్జలైనను ధాన్యములే. వానియందును పిండిపదార్థమే మిక్కిలి. మెత్తని పిండితో కాచిన రాగిజావను చెంబెడు త్రాగి, ఇది మందు గదా యని నిశ్చింతగా నుండు మధుమేహులు కలరు. ఆ జావ రక్తములో చక్కెరను వేగముగానే పెంచును. రాశి యను నాలుగవ సంగతి చిరుధాన్యములకును వర్తించును.

ఓకసాత్మ్యమును ఇంతసేపు పొగడితినని, అలవాటైనదెల్ల మంచిదని యెవరును భావింపరాదు. ఆ విమానస్థానపు మొదటి యధ్యాయముననే, పిప్పలిని, క్షారమును, ఉప్పును అతిగా వాడరాదని చెప్పి, బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశములవారు పాలలో కూడ ఉప్పు వేసికొని త్రాగుదురనియు, దానిచే వారికి కలుగు కీడులు ఇవియనియు చరకుడు వ్రాసినాడు. అట్టివారును ఆ యలవాటునుండి క్రమముగా తొలగుటయే శ్రేయమని యాయన తీర్పు. ఆయన మన యావకాయ నెఱుగడు. ఎఱిగియున్నచో ఆ పట్టికలో ఇంకొక దేశము చేరియుండెడిది.

జాతీయ పోషకాహార సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు దినమునకు 5 గ్రాముల ఉప్పు మించవలదని చెప్పుచున్నవి. అనగా ఒక చిన్న చెంచాడు. కూరలో, పప్పులో, చారులో, మజ్జిగలో, ఊరగాయలో, అప్పడములో, ఊరమిరపకాయలో పడినదంతయు కలిసి అంత. మన యిండ్లలో ఆ చెంచా పగటి భోజనముతోనే ఖాళీ యగును. ఆవకాయను ఒక్కమాఱుగా మానుమని తెలుగువానికి నేను చెప్పజాలను, చెప్పినను వినడు. మజ్జిగలోని ఉప్పును మొదట మానుడు. ఒక నెల గడచిన పిమ్మట రాత్రి ఊరగాయ మాని, పగటిది ఉంచుకొనుడు. ఆ తరువాత చారులో తగ్గించి, ఆ లోటును నిమ్మకాయతోను, మిరియముతోను, కరివేపాకుతోను తీర్చుడు. కొన్ని వారములలో నాలుక తన కొలతను తానే మార్చుకొనును. రక్తపుపోటు మాత్రలు వాడువారును, మూత్రపిండముల జబ్బు కలవారును, అంగట నమ్ము తక్కువ సోడియపు ఉప్పును వైద్యునడుగక కొనరాదు. అందు పొటాషియము చేరియుండును, అది వారికి ప్రమాదము కావచ్చును.

ముసలితనమున మఱియొక చిక్కు కలదు. లావు తగ్గవలెనని పడుచువారికి చెప్పిన మాటను మనమును వినుచున్నాము. వయస్సుతో కండ కరగిపోవును. కండ కరగినవాడు మెట్టెక్కలేడు, పడినచో లేవలేడు. కూడు తగ్గించునపుడు మొదట పప్పును, పాలను, మజ్జిగను, తినువారైనచో గ్రుడ్డును, చేపను తగ్గించుట పెద్ద పొరబాటు. మన యిండ్లలో భర్త పోయిన స్త్రీలు ఒంటిపూట భోజనము చేయుచు, ఉపవాసములు పెంచుకొనుచు, మిగిలినది తినుచు కాలము గడపుదురు. దానిని ఎవరును పథ్యమని పొగడరాదు. అట్టి తల్లి యింట నున్నచో, రాత్రి ఒక గిన్నెడు పెసరకట్టును, పాలును ఆమె త్రాగునట్లు చూచుట కొడుకు బాధ్యత, కోడలిమీదికి నెట్టవలదు.

కోడలి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఒక యింట ముగ్గురికి మూడు పథ్యములు వేఱు వేఱుగా వండుమనుట అన్యాయము. అట్టి పథ్యము వండువారి విసుగుతోనే ముగియును. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు 2000 కెలోరీలు కావలసినవానికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు గాని గ్రుడ్డు మాంసములు గాని 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలుపెరుగులు 300 మిల్లీలీటర్లు అని యున్నది. దీనిని అక్షరాల తూచి తినుమని నేననను. పొలిమేరరాయివలె, మన విస్తరి ఏ వైపునకు నడువవలెనో ఇది చూపును. మన విస్తరిలో ధాన్యము కొండవలెను, కూర గోరంతయు నుండును. ఇంటిల్లిపాదికి అదే వంట చేసి, వడ్డనలో మాత్రము పెద్దవానికి అన్నము తగ్గించి కూర పెంచినచో వేఱు కుంపటి అక్కఱలేదు. కూర ముందు తిని, అన్నము తరువాత కలుపుకొనుటయు మధుమేహులకు కొంత మేలు చేయును. ఇక రాత్రి భోజనము దీపాలవేళ ముగించు పాత యలవాటు, టెలివిజను వచ్చిన పిమ్మట తొమ్మిదిన్నరకు జరిగినది. వీలున్నవారు దానిని వెనుకకు జరుపుడు. అదియు ఒక్కమాఱుగా కాక, అరగంట చొప్పున.

మీకు కుదిరినదా లేదా యని తెలియుటకు పంచాంగపు అంచున గుర్తు పెట్టుకొనుడు: నిద్ర పట్టినదా, విరేచనము సరిగా నైనదా, భోజనమునకు ముందు నిజమైన ఆకలి కలిగినదా, చెఱువుగట్టుదాక నడచి వచ్చితిరా. వీనితోపాటు వైద్యుడు చెప్పిన గడువున రక్తపరీక్షయు, పోటు పరీక్షయు తప్పరాదు. దేహము చక్కగా నున్నదని మనకు తోచుచుండగనే లోపల చక్కెర పెరుగుచుండుట కలదు. గుర్తులు మంచివై, పరీక్ష చెడ్డదైనచో కొలత మార్చవలెను. పరీక్ష మంచిదై, గుర్తులు చెడ్డవైనచో ఆ పథ్యము ఎక్కువకాలము నిలువదు, వంటకమునే మార్చవలెను.

పెండ్లికి పోయి బూరె తినవచ్చునా యని నన్నడుగువారు తఱచు కలరు. ఒకటి తినవచ్చును. నేతితో కూడ తినవచ్చును. ఆ పూట అన్నము మాత్రము తగ్గింపవలెను. మఱునాడు ఉపవాసముండి ప్రాయశ్చిత్తము చేసికొనవలదు. మఱునాడు మీ మామూలు కొలతయే. రెండవ బూరె వడ్డింపవచ్చినపుడు విస్తరిమీద చేయి అడ్డము పెట్టవలెను. వడ్డించువాడు వియ్యంకుడైనచో ఏమి చేయవలెనో మాత్రము చరకుడు చెప్పలేదు.